జతపనివారిని తయారుచేసిన కాపరి: బిషప్ అజరయ్య



కాపరి ఒక నెల రోజులు ఊళ్లో లేకపోతే సంఘం ఎలా ఉంటుంది? ఆదివారం వాక్యం చెప్పేదెవరు? మంచం పట్టిన ముసలమ్మ ఇంటికి వెళ్లి ప్రార్థన చేసేదెవరు? సండే స్కూల్ పిల్లలను పోగుచేసేదెవరు? ఈ ప్రశ్నలు వేసుకుంటే మన సంఘాల నిజస్థితి బయటపడుతుంది. చాలాచోట్ల పనంతా ఒక్కరి భుజాల మీదే ఉంది. ఆయన అలసిపోతున్నారు, మిగిలినవారు చూస్తూ కూర్చుంటున్నారు. మరికొన్ని చోట్ల పనిచేసేవారు ఉన్నా వారిలో ఉత్సాహం లేదు. చెప్పినంత చేసి, లెక్క అప్పగించి ఇంటికి పోతున్నారు. అలాంటప్పుడు తప్పు వారిదేనని మనం తేలికగా అనేస్తాం. నడిపించే తీరులో లోపం ఉందేమో అని వెదకం.

ఇది కొత్త సమస్య కాదు. అరణ్యంలో మోషే ఉదయం నుండి సాయంకాలం వరకు ఒక్కడే కూర్చుని ప్రజలకు న్యాయం తీరుస్తుంటే, మామ అయిన యిత్రో అది చూసి, ఈ పద్ధతిలో నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించాడు (నిర్గమకాండము 18). సమర్థులను ఏర్పరచి పని పంచమన్నాడు. పని పంచడం చెప్పినంత సులువు కాదు. పని పంచితే అధికారం కూడా పంచాలి, గౌరవం కూడా పంచాలి. అక్కడే మన చేతులు వెనక్కి పోతాయి.

మన తెలుగు నేల మీదనే ఈ పాఠాన్ని ముప్పై ఏళ్లకు పైగా ఆచరించి చూపిన ఒక దైవజనుని జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం. ఆయనే దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన పేరు మన పెద్దలకు బాగా తెలుసు. నేటి యౌవనస్థులలో చాలామందికి ఆ పేరు ఒక ఫొటోగానో, ఒక స్కూలు పేరుగానో మాత్రమే మిగిలింది.

తాటివనాల ఊరి నుండి

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే చిన్న గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం హిందూ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్మి, గ్రామ సంఘానికి కాపరి అయినవారు. తల్లి పేరు ఎల్లెన్. చాలా ఏళ్ల ఎదురుచూపు తరువాత కలిగిన కుమారుడు గనుక, హన్నా ప్రార్థనను తలచుకొని శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. కుమారునికి పదిహేనేళ్లు వచ్చేసరికి తండ్రి ప్రభువునొద్దకు వెళ్లిపోయారు. తల్లి క్రమశిక్షణలో, లేఖనాల మధ్య ఆ కుర్రవాడు పెరిగాడు.

తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. చివరి పరీక్షల వేళ అనారోగ్యం వచ్చి లెక్కల పరీక్ష రాయలేకపోయారు. అందువల్ల డిగ్రీ చేతికి రాలేదు. చాలా సంవత్సరాల తరువాత, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇంటి నుండి బయలుదేరినప్పుడు మాత్రం ఆయన చేతిలో పట్టా లేదు. మన సంఘాల్లో ఎవరికి ఏ బాధ్యత ఇవ్వాలో తేల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిలో చేరి, దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య పరిచర్య చేశారు. అమెరికా నుండి వచ్చిన షేర్‌వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణమిత్రుడయ్యారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నారు. ఆ రోజుల్లో దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన మొదటి కొద్దిమందిలో ఆమె ఒకరు. ముందు ముందు దోర్నకల్ పరిచర్యలో సగం భారం ఆమె మోశారంటే అతిశయోక్తి కాదు.

మనం ఎవరిని పంపాం?

1902లో అజరయ్య సిలోనులోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను వేరే ప్రాంతాలకు పంపుతున్నారని చూశారు. ఆ దృశ్యం ఆయనను నిద్రపోనివ్వలేదు. తిరునెల్వేలి సంఘాలు పాతవి, బలమైనవి. సువార్త విని తరాలు గడిచాయి. అయినా తమ ఎల్లలు దాటి ఒక్కరినైనా పంపాలన్న తలంపు వారికి రాలేదు. పంపడం తెల్లవారి పని, వినడం మన పని అన్నట్టుగా అలవాటైపోయింది.

ఆయన తిరిగి వచ్చి విమర్శలు చేస్తూ కూర్చోలేదు. స్నేహితులతో కలిసి ప్రార్థించారు, సంఘాలను కదిలించారు. 1903 ఫిబ్రవరి 12న పాలయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఆఫ్ తిన్నెవెల్లి పుట్టింది. దాని నియమం సరళమైనది. వెళ్లేవారు మనవారే, డబ్బు మనదే, నిర్వహణ మనదే. దాదాపు మూడేళ్లకు, 1905 డిసెంబరు 25న, శ్రీరాంపూర్‌లో విలియం కేరీ గ్రంథాలయంలో దేశవ్యాప్తంగా వేర్వేరు సంఘాలవారు కూడి నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దాని ప్రధాన కార్యదర్శి బాధ్యత కూడా అజరయ్య మీదే పడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన సంఘస్థులను డబ్బిమ్మని మాత్రమే అడగలేదు. ఈ పని మీదే అని చెప్పి వారి చేతికిచ్చారు. పనివాడు ఎక్కడికి వెళ్లాలో, డబ్బు ఎలా ఖర్చు కావాలో నిర్ణయించే బాధ్యత కూడా వారికే ఇచ్చారు. ఇతరుల పనికి చందా ఇచ్చే మనిషి వేరు, సొంత పని కోసం త్యాగం చేసే మనిషి వేరు. కానుక పెట్టె దగ్గర మనకు గుర్తుకొచ్చే సంఘస్థుడు నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర గుర్తుకు రాకపోతే, అతనిలో ఉత్సాహం ఎలా పుడుతుంది?

పంపినవాడే వెళ్లాడు

ఆ సొసైటీ తన పనికి ఎన్నుకున్నది నిజాం రాజ్యంలోని మానుకోట తాలూకా. అదే నేటి మహబూబాబాద్ ప్రాంతం. తొలి మిషనరీలు వెళ్లారు. పని మొదలైంది. అయితే ఇతరులను పంపుతూ తాను మద్రాసులో ఉండిపోవడం అజరయ్య మనస్సాక్షికి సరిపడలేదు. ఊరూరా తిరిగి, మీలో ఎవరు వెళ్తారని అడిగినవాడు ఒక రోజున ఆ ప్రశ్న తననే అడుగుతోందని గ్రహించాడు.

1909లో ఆయన వై.ఎం.సి.ఎ.లో మంచి స్థానాన్ని విడిచిపెట్టి, డీకనుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో దోర్నకల్ చేరారు. అప్పటికి దోర్నకల్ అంటే అడవుల మధ్య ఒక రైల్వే జంక్షన్, చుట్టూ పేద పల్లెలు. మొదట గుడారంలో ఉన్నారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలతో కుస్తీ పట్టారు. మాతృభాష తమిళం, చదువు ఇంగ్లీషు. అయినా ఆ పల్లెల్లోని మాల, మాదిగ కూలీలతో వారి మాటలోనే మాట్లాడగలిగేవరకు ఆయన ఊరుకోలేదు. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగారు.

నాయకుడు ముందు నడిస్తేనే వెనకవారికి ధైర్యం వస్తుంది. ఎండలో తిరగమని యువకులకు చెప్పి మనం ఫ్యాను కింద కూర్చుంటే, మన ప్రసంగం ఎంత బాగున్నా వారి కాళ్లు కదలవు. మంచి కాపరి గొర్రెలను వెనక నుండి తరమడని, వాటికి ముందుగా నడుస్తాడని ప్రభువు చెప్పింది అందుకే (యోహాను 10).

ఎడిన్‌బరోలో వినిపించిన వేదన

1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో పట్టణంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియావారు ఇరవైమంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో ఒకరైన అజరయ్యకు, విదేశీ మిషనరీలు, స్వదేశీ పనివారు కలిసి పనిచేయడం గురించి మాట్లాడే అవకాశం దొరికింది.

ఆయన మెత్తగానే మాట్లాడారు, గానీ దాచుకోలేదు. మిషనరీల త్యాగాన్ని, ప్రేమను, వారు వదులుకున్న ఇల్లూ వాకిలిని మెచ్చుకున్నారు. ఆ తరువాత అసలు బాధ బయటపెట్టారు. మిషనరీకి, భారతీయ పనివానికి మధ్య ఉన్నది యజమానికి, జీతగానికి మధ్య ఉండే సంబంధమేనని చెప్పారు. ఒకే ప్రభువును సేవిస్తూ ఏళ్ల తరబడి పక్కపక్కనే పనిచేసినా ఒకరి ఇంట ఒకరు భోజనం చేయని స్థితి గురించి చెప్పారు. మీరు మాకు అన్నీ ఇచ్చారు, ఇక స్నేహాన్ని కూడా ఇవ్వండి అనే భావంతో ముగించారు. సభలో కొందరికి ఆ మాటలు చేదుగా తగిలాయి. కొందరు లోలోపల సిగ్గుపడ్డారు. వంద సంవత్సరాలు దాటినా సంఘ చరిత్రకారులు ఆ ప్రసంగాన్ని మరచిపోలేదు.

ఆ రోజు ఆయన అడిగింది జీతం పెంచమని కాదు, పదవి ఇమ్మని కాదు. తన శిష్యులను ఇక దాసులని పిలవనని, స్నేహితులని పిలుస్తానని ప్రభువు చెప్పిన మాటను (యోహాను 15) మన మధ్య నిజం చేయమని అడిగారు. ప్రభువు ఆ మాటకు ఒక కారణం కూడా చెప్పాడు. యజమాని ఏం చేస్తున్నాడో దాసునికి తెలియదు. తండ్రి దగ్గర విన్నదంతా ప్రభువు తన శిష్యులకు తెలియజేశాడు. తోటి పనివారికి సంగతులు తెలియకుండా దాచి, పని మాత్రం చెప్పేవాడు వారిని ఇంకా దాసులుగానే ఉంచుతున్నాడన్నమాట.

కుర్చీ మారినప్పుడు

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యలో దేవుని కృపను గుర్తించి, ఆయనను బిషప్ చేయాలని పట్టుబట్టారు. అందరూ సంతోషించలేదు. ఒక భారతీయుని కింద పనిచేయడం కొందరు యూరోపియన్ మిషనరీలకు మింగుడుపడలేదు. కులం లెక్కలు చూసుకుని అడ్డుచెప్పిన స్వదేశీ క్రైస్తవులు కూడా ఉన్నారు. అజరయ్య నాడార్ కులస్థుల నుండి వచ్చినవారు మరి. ఆ వ్యతిరేకత కారణంగానే తొలుత ఆయనకు అప్పగించిన దోర్నకల్ డయాసిస్ చాలా చిన్నదిగా ఉండింది. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్‌గా ప్రతిష్ఠించబడ్డారు. వయసు ముప్పై ఎనిమిది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945లో చనిపోయేవరకు సొంత డయాసిస్ ఉన్న ఏకైక భారతీయ ఆంగ్లికన్ బిషప్ కూడా ఆయనే.

ఎడిన్‌బరోలో స్నేహం కోసం చేయి చాచినవాడు ఇప్పుడు పై కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు తన కింద ఉన్నవారిని ఏ చూపు చూస్తాడు? ఇదే మనలో చాలామంది ఓడిపోయే చోటు. సహాయ కాపరిగా ఉన్నప్పుడు పెద్ద కాపరి గురించి బాధపడినవారమే, పెద్ద కాపరి అయ్యాక అదే తీరు చూపిస్తాం. కమిటీ సభ్యునిగా లెక్కలు అడిగినవారమే, కోశాధికారి అయ్యాక లెక్కలు అడిగితే కోపపడతాం.

1920ల తొలినాళ్లలో డయాసిస్ విస్తరించి కృష్ణా ప్రాంతం, ఆ తరువాత కర్నూలు, నంద్యాల వైపు సంఘాలు కూడా దానిలో చేరాయి. ఇంగ్లీషు మిషనరీలు ఆయన పర్యవేక్షణ కిందికి వచ్చారు. ఒకనాడు ఆయనను వద్దన్న వర్గంవారే అది. ఆయన పాత లెక్కలు తీర్చుకోలేదు. వారిని తోటి పనివారిగా చేర్చుకున్నారు. వారి నైపుణ్యాన్ని వాడుకున్నారు. తెల్లవారూ నల్లవారూ ఒకే బల్ల దగ్గర మోకరించే డయాసిస్‌ను నడిపించారు.

పల్లె మనుషులను నమ్మినవాడు

అజరయ్య నాయకత్వంలో మనల్ని ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం పల్లెల్లో ఆయన చేసిన పని. 1912లో ఆయన దగ్గర ఉన్న భారతీయ గురువులు ఆరుగురు. 1924 నాటికి ఆ సంఖ్య 53కు చేరింది. 1930ల మధ్యకు వందను దాటింది. గ్రామ ఉపాధ్యాయులు దాదాపు రెండు వేల మంది ఉండేవారు. 1941 నాటికి డయాసిస్‌లో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. కొంత పెరుగుదల కొత్త ప్రాంతాలు కలవడం వల్ల వచ్చిందన్నది నిజమే. అయినా ఇంత జనాన్ని మేపడానికి కాపరులు ఎక్కడి నుండి వచ్చారు?

పట్టణాల నుండి కాదు. ఇంగ్లీషు డిగ్రీలు ఉన్నవారి కోసం ఎదురుచూస్తే పని ఆగిపోతుందని అజరయ్యకు తెలుసు. అందుకే మాల పల్లెల నుండి, మాదిగ పల్లెల నుండి వచ్చినవారినే, తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచబడినవారి బిడ్డలనే ఎన్నుకున్నారు. దోర్నకల్‌లో తెలుగులోనే వేదాంత శిక్షణ ఇప్పించారు. పెళ్లయినవారు భార్యాపిల్లలతో వచ్చి ఉండేవారు. భర్తకు వేదపాఠం నేర్పుతుంటే భార్యకు కూడా చదువు, వాక్యం, పిల్లల పెంపకం నేర్పేవారు. ఆ స్త్రీల శిక్షణలో అన్బు అమ్మగారి చేయి ఉండేది. గ్రామంలో అయ్యగారితో పాటు అమ్మగారు కూడా పరిచారకురాలేనన్న అవగాహన మన తెలుగు సంఘాల్లో అలా బలపడింది.

చదువు తక్కువవారిని గురువులుగా చేస్తున్నారని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు. అలాగని వారిని అభిషేకించి వదిలేయలేదు. తానే వారిని కూర్చోబెట్టుకొని బైబిలు బోధించేవారు. వారి కోసం తేలికపాటి పాఠాలు, చిన్న పుస్తకాలు రాశారు. వారి ఊళ్లకు వెళ్లి వారి సంఘస్థుల ఎదుట వారిని గౌరవించేవారు. నమ్మడం, నేర్పడం, పర్యవేక్షించడం అనే మూడూ ఆయన దగ్గర కలిసి నడిచాయి. పనివారిని నమ్మి నేర్పించకపోతే వారు తడబడతారు. నేర్పించి నమ్మకపోతే చిన్నబోతారు. రెండూ చేసి చూడటానికి వెళ్లకపోతే ఒంటరివారవుతారు. పౌలు తిమోతికి చెప్పిన క్రమం ఇదే. తాను విన్నదాన్ని నమ్మకమైన మనుషులకు అప్పగించాలి, వారు మరికొందరికి బోధించాలి (2 తిమోతి 2). ఒక్క వచనంలో నాలుగు తరాలు కనబడతాయి.

పనిని గురువుల దగ్గరే ఆపలేదాయన. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సాక్షి అని బోధించారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావాన్ని తమ సొంత మాటగా ఒప్పుకోమనేవారు. సాక్ష్య వారాలు ఏర్పాటు చేసి, కూలీలు, రైతులు, స్త్రీలు, పిల్లలు అందరూ పొరుగు ఊళ్లకు వెళ్లి ప్రభువును గురించి చెప్పేలా చేశారు. అక్షరం రానివారికి పాట, కోలాటం, నాటకం ఉన్నాయి. వండుకునే ముందు పిడికెడు బియ్యం ప్రభువు కోసం తీసిపెట్టమని పేద ఇల్లాళ్లకు నేర్పారు. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు మోసుకొచ్చేవారు. ఇవ్వడానికి ఏమీ లేనివాడు ఎవడూ లేడన్నది ఆయన నమ్మకం. క్రైస్తవుల కానుకల విషయమై ఆయన రాసిన పుస్తకం తరువాతి కాలంలో అనేక భాషల్లో చదవబడింది.

పల్లె సంఘాలను పీడించే నాలుగు దయ్యాలను ఆయన ఎప్పుడూ చెబుతుండేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వాటి మీద యుద్ధం కూడా సంఘం పనేనన్నారు. బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు దానికి ఆయుధాలయ్యాయి. జనానికి ఒక స్పష్టమైన గురి చూపిస్తే వారు లేచి నడుస్తారు. ఏం చేయాలో తెలియని సంఘాన్ని ఎంత గద్దించినా లేవదు.

కొరతలు కూడా ఉన్నాయి

పరిశుద్ధులను రంగులద్ది చూపించడం మాకు ఇష్టం లేదు. అజరయ్య క్రమశిక్షణ విషయంలో కఠినులు. తాగుడు, విగ్రహాచారాలు, అక్రమ వివాహాల విషయంలో సంఘ శిక్ష విధించడానికి వెనుకాడేవారు కాదు. ఆయన చేయి బరువైనదని కొందరు అనుకున్నారు. మాల, మాదిగ సంఘస్థుల మధ్య పెనుగులాట ఆయన కాలంలోనూ పూర్తిగా తీరలేదు. ఒకే బల్ల, ఒకే పాత్ర అని ఆయన పట్టుబట్టినా, ఆ గాయం నేటికీ మన సంఘాల్లో పచ్చిగానే ఉంది. మత మార్పిడి విషయంలో గాంధీజీతో కూడా ఆయనకు తీవ్రమైన అభిప్రాయభేదం ఉండింది. గొప్ప నాయకుడు ఎన్నుకున్న దారిలో కూడా నొప్పి ఉంటుంది, అసంపూర్ణత ఉంటుంది. అది తెలిస్తే మనం నిరాశపడం.

తాను చూడని ఉదయం కోసం

1919 మే 1, 2 తేదీల్లో ట్రాంక్విబార్‌లో వేర్వేరు సంఘాలకు చెందిన 33 మంది సమావేశమయ్యారు. దాదాపు అందరూ భారతీయులే. చీలిపోయిన సంఘం చీలిపోయిన దేశానికి సువార్త ఎలా చెప్పగలదు? ఆ బాధ నుండే దక్షిణ ఇండియా సంఘ ఐక్యత ప్రయత్నం మొదలైంది. దాని నడిబొడ్డున అజరయ్య ఉన్నారు. అప్పటి నుండి పాతికేళ్లు ఆయన ఆ పని విడువలేదు. చర్చలు ఆగిపోయాయి, మళ్లీ మొదలయ్యాయి. ఒకరు కలిసివస్తే మరొకరు అలిగారు. 1929 నుండి నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ అధ్యక్షునిగా కూడా ఆయన ఈ భారాన్ని మోశారు.

అదే కాలంలో దోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ మెల్లగా లేచింది. నిధులు చాలక ఏళ్ల తరబడి ఆగుతూ సాగుతూ వచ్చిన ఆ కట్టడంలో హిందూ దేవాలయ శిల్పం, ముస్లిం గుమ్మటాల తీరు, క్రైస్తవ చిహ్నాలు ఒకచోట కలిశాయి. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు.

1945 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదటి రోజున, దోర్నకల్‌లోనే అజరయ్య ప్రభువునొద్దకు వెళ్లారు. వయసు డెబ్బై. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆయన పాతికేళ్లు మోసిన కల నెరవేరిన రోజున ఆయన లేరు. అయినా పని ఆగలేదు. ఆగకపోవడమే ఆయన నాయకత్వానికి సాక్ష్యం. వాగ్దాన దేశాన్ని మోషే కొండ మీద నుండి చూశాడు, యెహోషువ ప్రజలను దాటించాడు. యెహోషువను తయారుచేసి ఉంచింది మోషేనే.

మన సంఘాల మాట

ఈ జీవితాన్ని చదివి మెచ్చుకుని పక్కన పెడితే ప్రయోజనం లేదు. ఈ వారం కొన్ని ప్రశ్నలు మన ఎదుట పెట్టుకుందాం.

కాపరులారా, మీ తరువాత ఈ పని చేయగలిగినవారిని ఇద్దరినైనా తయారుచేస్తున్నారా? వారి పేర్లు చెప్పగలరా? సహాయ కాపరి చక్కగా వాక్యం చెప్పిన రోజున మీ మనసులో సంతోషం కలుగుతోందా, కలవరం కలుగుతోందా? ఈ ప్రశ్నకు మోకాళ్ల మీదనే జవాబు చెప్పుకోవాలి.

సంఘ పెద్దలారా, మీ బృందంలో పనిచేసే యౌవనస్థులకు సంఘ సంగతులు తెలుసా, లేక కుర్చీలు సర్దే పని మాత్రమే తెలుసా? వారు పొరపాటు చేసినప్పుడు అందరి ఎదుట గద్దిస్తున్నామా, పక్కకు పిలిచి నేర్పుతున్నామా? మంచి పని చేసినప్పుడు ఆ పేరు ఎవరికి దక్కుతోంది?

స్త్రీల మైత్రిలోని అమ్మలారా, పిడికెడు బియ్యం నాటి నుండి ఈ సంఘాలను నిలబెట్టింది మీ చేతులే. నిర్ణయాలు జరిగే చోట మీ మాట వినబడాలి. దానికి ఎవరి అనుమతి కోసమో ఎదురుచూడనక్కరలేదు.

సంఘస్థులారా, పనంతా అయ్యగారిదేనని కూర్చున్నవారిలో మనం ఉన్నామా? బాప్తిస్మపు రోజున మన తలమీద చేయి పడింది. ఆ చేయి మనల్ని కూర్చోమని చెప్పలేదు.

ఆస్తుల కోసం, పదవుల కోసం సంఘస్థులు కోర్టుల మెట్లెక్కుతున్న రోజులివి. ఎన్నికలు వస్తే ఒకే బల్లలో పాలుపొందినవారు ముఖాలు తిప్పుకుంటున్నారు. ఈ జబ్బుకు కొత్త నియమావళి ఒక్కటే మందు కాదు. పక్కన పనిచేసేవాడు పోటీదారుడు కాదని, జతపనివాడని మనం ముందు నమ్మాలి. దోర్నకల్ పల్లెల్లో ఎడ్లబండి మీద తిరిగిన ఆ తమిళ బిషప్ తెలుగు కూలీలను అలా నమ్మారు. మన తాతలను, ముత్తాతలను అలా నమ్మారు. వారిలో కొందరు గురువులయ్యారు, కొందరు ఉపాధ్యాయులయ్యారు, కొందరు కేవలం నమ్మకమైన విశ్వాసులయ్యారు. వారి విశ్వాస ఫలం నేడు మనం తింటున్నాం.

ఈ ఆదివారం ఆరాధన తరువాత ప్రతి కాపరి ఒక్క పనైనా వేరొకరి చేతిలో పెట్టాలని మా మనవి. పూర్తిగా పెట్టాలి, మనసారా పెట్టాలి. ఆ తరువాత వారి పక్కన నిలబడి నేర్పాలి. పరిచారము చేయించుకోవడానికి కాక పరిచారము చేయడానికి వచ్చిన ప్రభువు (మార్కు 10) మన కాపరులకు, పెద్దలకు, ప్రతి పరిచర్య బృందానికి ఆ మనసును దయచేయును గాక. ఆమేన్.